కడపలో రెండడుగుల ఉప్పునీటి తొట్టె: పరీక్షలో నీరు బాగున్నా జుట్టు నాచు ఎందుకు పెరుగుతోంది?

బుగ్గవంక (కడప):

అందరికీ నమస్కారం. నేను ఉప్పునీటి తొట్టె పెట్టి ఐదు నెలలైంది. తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. రాళ్ళు, ఇసుక పోను లోపల నిలిచే నీరు 45 లీటర్లు. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. మొదటి నెలలో ఇసుక మీద గోధుమరంగు పొడి లాంటిది పరుచుకొని, దానంతట అదే పోయింది. మార్చి మొదలైనప్పటి నుంచి మాత్రం రాళ్ళ మీద ముదురాకుపచ్చని నాచు మొలిచి, ఇప్పుడు రెండంగుళాల పొడవు పెరిగి, పంపు నీటి విసురుకు విరబోసుకున్న జుట్టులా ఊగుతోంది. వేళ్ళతో పీకితే వస్తుంది కాని, రాతిని పట్టుకున్న మొదలు అలాగే ఉండిపోయి, పది రోజులు తిరిగేసరికి మళ్ళీ అంతే అవుతోంది.

నాకు అంతుబట్టని విషయం ఒకటుంది. నాచును పెంచే పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్‌లను పరీక్ష కిట్టుతో చూస్తే నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం మాత్రమే వస్తున్నాయి. ఇవి రెండూ మంచి అంకెలే అని చదివాను. దీపం రోజుకు పదకొండు గంటలు వెలుగుతుంది. మేత మూడు పూటలా వేస్తాను. పదిహేను రోజులకొకసారి 10 లీటర్ల నీరు మారుస్తాను. ఎండలు ముదిరాక నీరు వేడెక్కకుండా తొట్టె పైన చిన్న ఫ్యాను బిగించాను. దానివల్ల రోజుకు దాదాపు 2 లీటర్లు ఆవిరైపోతున్నాయి. ఆ లోటును మేము ఇంట్లో తాగే ఆర్.ఓ. యంత్రం నీటితోనే పూరిస్తున్నాను, ఉప్పు కలపడానికి కూడా అదే నీరు వాడుతున్నాను.

మరో రెండు సందేహాలు. ఒక దుకాణంలో నాచు మందు అని నీలిరంగు ద్రావణం సీసా ఇచ్చారు, ఇంకా మూత తీయలేదు. అది వాడవచ్చునా? రాళ్ళు నిలబడడానికి అడుగున రెండు కడపరాతి ముక్కలు పెట్టాను, నాచుకు అవే కారణమని మా బంధువు ఒకరు అంటున్నారు. ఇది నిజమేనా?

గడియారస్తంభం (అనంతపురం):

బుగ్గవంక గారూ, మొదట ఆ సీసా సంగతి. దయచేసి దాని మూత తీయకండి. నాచు మందులుగా అమ్మే నీలి ద్రావణాల్లో చాలావాటిలో రాగి లవణాలు ఉంటాయి. మంచినీటి తొట్టెలో చేపలు కొంతవరకు తట్టుకుంటాయేమో కాని, రొయ్యలు, నత్తలు, సన్యాసి పీతలు అతి కొద్దిపాటి రాగికే చనిపోతాయి. పైగా ఆ రాగి రాళ్ళలోకి, ఇసుకలోకి ఇంకి, తరువాత చాలాకాలం పాటు కొద్దికొద్దిగా నీటిలోకి వస్తూనే ఉంటుంది. ఇక కడపరాయి సంగతి. అది నార్జి సున్నపురాయి. సముద్రపు నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది కనుక అందులో సున్నపురాయి పెద్దగా కరగదు, నాచుకు అది మేత కాదు. మెరుగు పెట్టిన బండ ముక్కలైతే మాత్రం వాటి పాలిష్ కోసం తీసేయండి. గరుకు ముక్కలైతే ఉండనివ్వండి.

ఇప్పుడు అసలు విషయం. మీ కిట్టు అబద్ధం చెప్పడం లేదు. అయితే అది చెబుతున్నది నాచు తినగా మిగిలినదాని గురించి. రెండంగుళాల నాచు రాళ్ళంతా కమ్ముకొని ఉన్న తొట్టెలో నీటిలోకి వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్ ఏ పూటకాపూట దాని ఒంట్లోకి చేరిపోతాయి. పంతిలో అందరూ తిని లేచాక గిన్నె చూసి, ఈ ఇంట్లో వంట తక్కువ చేస్తారని అనుకోవడం ఎలాంటిదో, ఆ అంకె చూసి పోషకాలు తక్కువగా ఉన్నాయని అనుకోవడం అలాంటిది. ఎంత మిగిలిందని కాక, ఎంత లోపలికి వస్తోందని వెతకాలి.

మీరు రాసినదాంట్లో నా కన్ను ఆగిన చోటు ఆ 2 లీటర్లు. మన రాయలసీమ ఎండల్లో ఉప్పునీటి తొట్టె పెట్టినవాళ్ళలో చాలామంది మేతనూ దీపాన్నీ అనుమానిస్తారు కాని, రోజూ పోసే నీటిని అనుమానించరు. తొట్టెలోంచి ఆవిరైపోయేది ఉత్త నీరే. అందులో కరిగి ఉన్నదేదీ ఆవిరితో పోదు. చెరువు ఎండిన చోట నేల మీద చౌడు తెల్లగా పొంగి కనిపిస్తుంది కదా, మీ తొట్టెలో జరుగుతున్నదీ అదే, కాకపోతే నీరు ఎప్పటికప్పుడు నిండుతుంది కనుక కంటికి కనిపించదు.

నా అనుభవం చెబుతాను. నాది 60 లీటర్ల తొట్టె. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 3 లీటర్లు పోసేవాణ్ణి. మాది బోరు నీరు, దాన్ని ఇంటి ఆర్.ఓ. యంత్రంలోంచి పట్టి పోసేవాణ్ణి. ఏడాది పాటు నాచుతో విసిగిపోయాక ఒకరోజు తొట్టె నీటిని వదిలేసి, పోసే నీటిని పరీక్షిస్తే నైట్రేట్ 12 పీపీఎం వచ్చింది. అంటే లీటరుకు 12 మిల్లీగ్రాములు. మూడు లీటర్లకు 36, నెలకు 1080. దాన్ని 60 లీటర్లకు పంచితే నెలకు 18 పీపీఎం. చేపలకు ఒక్క మెతుకు మేత వేయకపోయినా, ప్రతి నెలా నా చేతులతో నేనే ఇంత ఎరువు పోస్తున్నానన్నమాట. తాగునీటికి మన దేశ ప్రమాణాలు లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ వరకు అనుమతిస్తాయి. కాబట్టి మనం తాగడానికి ఆ నీరు నిక్షేపంలా ఉంటుంది, తొట్టెకు మాత్రం అది ఎరువు నీరు.

ఆర్.ఓ. యంత్రం ఉన్నా ఇలా ఎందుకు జరుగుతుందని మీకు సందేహం రావచ్చు. ఇళ్ళలో బిగించే యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. పొర గుండా వడకట్టిన నీరు రుచిగా ఉండదని, ఆ మర కొంత పచ్చి నీటిని పక్కదారిన తెచ్చి మళ్ళీ కలుపుతుంది. బోరు నీటిలోని నైట్రేట్, సిలికా ఆ పక్కదారినే తొట్టెలోకి వస్తాయి. మొదటి నెలలో మీరు చూసిన గోధుమరంగు పొడి డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు అయి ఉంటుంది. అది సిలికాను వాడుకొనే పెరుగుతుంది. కొత్త తొట్టెల్లో అది రావడం మామూలే కనుక దాని గురించి బెంగ పడనవసరం లేదు.

మీరు చేయవలసింది ఇది. ఒక టీడీఎస్ మీటరు కొని, బోరు నీటినీ, యంత్రం నీటినీ విడివిడిగా చూడండి. తరువాత మెకానిక్‌ను పిలిపించి, ఆ మర పూర్తిగా మూయించండి. లేదా పొర నుంచి వచ్చే గొట్టానికి వేరే పాయ తీసి తొట్టెకు వాడుకోండి. ఇంట్లోవాళ్ళు తాగే నీటి రుచి మారకుండా ఉండాలంటే ఈ రెండో పద్ధతే నయం. ఆ పాయ చివర, నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే డీ-అయొనైజేషన్ రెసిన్ నింపిన గొట్టం ఒకటి బిగిస్తే మీటరులో సున్నా వస్తుంది. తొట్టెలోకి పోయే ప్రతి చుక్కా, పోసే నీరైనా ఉప్పు కలిపే నీరైనా, ఆ సున్నా నీరే కావాలి. వృథాగా పోయే ఆర్.ఓ. నీటిని మాత్రం కాలువపాలు చేయకుండా, బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికీ, స్నానాలగదులు కడగడానికీ వాడండి. మన ఊళ్ళలో ఆ నీరు పారబోయడానికి నాకు మనసు ఒప్పదు.

హంద్రీ గట్టు (కర్నూలు):

పై సభ్యులు రాసిన కారణంతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే కారణం తొలగించినంత మాత్రాన ఉన్న నాచు ఎండిపోయి రాలదు. దాని ఒంట్లో నిలవ ఉన్న పోషకాలతోనే అది కొన్ని వారాలు బతుకుతుంది. కాబట్టి చేత్తో తీసే పని తప్పదు. ఒక్క మాట గుర్తుంచుకోండి: నాచును పీకి బయట పడేయడమంటే, అది తిన్న నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ కూడా బయట పడేయడమే. అందుకే పీకిన పోగులు తొట్టెలో తేలుతూ ఉండకూడదు, ప్రతి పోగు మరో రాతికి అంటుకుంటుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. పాత టూత్‌బ్రష్ ఒకటి తీసుకొని, దాని కుంచె పక్కనే చిన్న ప్లాస్టిక్ గొట్టం మూతి వచ్చేలా రెండుచోట్ల దారంతో గట్టిగా కట్టాలి. గొట్టం రెండో కొస కింద బకెట్టులో ఉంటుంది. నోటితో కాకుండా, గొట్టాన్ని ముందే నీటితో నింపి సైఫన్ మొదలుపెట్టండి. కుంచెతో రాతిని తోముతుంటే ఊడిన నాచు ఊడినట్టే గొట్టంలోకి పోతుంది. ఈ పని నీరు మార్చే రోజునే పెట్టుకుంటే, 10 లీటర్లు బకెట్టులోకి దిగేలోపు ఒక రాయి శుభ్రమవుతుంది. ఒకేరోజు అన్ని రాళ్ళూ తోమాలని చూడకండి. రాతి లోపల చేపల వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా ఉంటుంది, దాన్ని కుదుపుకు గురిచేయకూడదు.

మొదలు వదలని చోట 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. మందుల దుకాణాల్లో గాయాలు కడగడానికి అమ్మేదే అది. సీసా మీద అంతకన్నా ఎక్కువ శాతం రాసి ఉంటే కొనవద్దు. రాయి మీద రొయ్యగాని, నత్తగాని లేకుండా చూసుకొని, రాతిని బయటికి తీసి పళ్ళెంలో పెట్టి, నాచు మొదళ్ళ మీద మాత్రమే డ్రాపర్‌తో చుక్కలు వేయాలి. వేసిన వెంటనే సన్నని బుడగలతో నురగ పొంగుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగి, వేరే గిన్నెలో తీసిపెట్టుకున్న ఉప్పునీటిలో రాతిని బాగా జాడించి తొట్టెలో పెట్టండి. ఆ రోజు ఏమీ మారినట్టు కనిపించదు. మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చ పాలిపోయి, తెల్లబడి, నాచు దానంతట అదే వదులుతుంది. చేతులకు తొడుగులు వేసుకోవడం మరవకండి.

దీపం పదకొండు గంటలు చాలా ఎక్కువ, పగడాలు లేవు కనుక ఏడు గంటలు సరిపోతుంది. కిటికీ ఎండ తొట్టె మీద పడుతుంటే దానికి అడ్డం పెట్టండి. మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. క్లౌన్ చేపలు ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టే అద్దం దగ్గరికి వచ్చి నిలబడతాయి, దాన్ని నమ్మకండి.

నత్తల గురించి మీరు అడగలేదు కాని చెప్పడం మంచిది. ట్రోకస్, టర్బో జాతుల నత్తలు నాచు తింటాయి. అయితే అవి రాతి మీది పలుచని పొరనూ, పొట్టి నాచునూ గీరి తింటాయి తప్ప, రెండంగుళాల జుట్టు జోలికి సాధారణంగా పోవు. కాబట్టి ముందు మీరు పీకాలి, తరువాత అవి కాపలా కాయాలి. 45 లీటర్లకు నాలుగు నత్తలు చాలు. ఎక్కువ వేస్తే తిండి చాలక చచ్చి, మళ్ళీ అవే ఎరువవుతాయి. నాచు తినే సర్జన్ చేపలను కొనమని ఎవరైనా చెబితే వినవద్దు, అవి ఇంత చిన్న తొట్టెలో బతకవలసినవి కావు.

బుగ్గవంక (కడప):

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మీటరు కొని చూశాను. మా బోరు నీరు 1120, యంత్రం నీరు 96 చూపించాయి. యంత్రం నీటిలో నైట్రేట్ పరీక్షిస్తే 10 వచ్చింది. అనంతపురం సభ్యులు చెప్పినట్టు లెక్క వేస్తే రోజుకు 20 మిల్లీగ్రాములు, నెలకు 600, నా 45 లీటర్లకు నెలకు 13 పీపీఎం పైన. పైగా, నీరు మార్చేటప్పుడు ఉప్పు కలిపేదీ ఆ నీరే కాబట్టి, మార్చడం వల్ల తగ్గవలసింది కూడా సరిగ్గా తగ్గడం లేదని ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ మూడు పూటలా మేత వేయడమే నా తప్పనుకొని బాధపడ్డాను.

రెసిన్ గొట్టం తెప్పించడానికి వారం పడుతుందన్నారు. ఈలోగా మా గది ఏసీ నుంచి రోజుకు బకెట్టు నీరు పడుతోంది, మీటరులో 14 చూపించింది. అది పోయవచ్చునా?

గడియారస్తంభం (అనంతపురం):

వద్దండి. మీటరు అంకె తక్కువగా ఉన్నా, ఆ నీరు ఏసీ లోపల రాగి గొట్టాల మీదుగా, అల్యూమినియం రేకుల మీదుగా, వాటిని పట్టిన దుమ్ము, బూజు మీదుగా కారి వచ్చినది. టీడీఎస్ మీటరు కరిగినదెంతో చెబుతుంది కాని, కరిగినదేమిటో చెప్పదు. మీ రొయ్యకు ప్రమాదం రాగి వల్లనే అని పైన చెప్పాను కదా. ఒక్క వారమే కనుక, మర మూయించిన ఆర్.ఓ. నీరు పోయండి.

ఆవిరిని తగ్గించే మార్గం కూడా ఆలోచించండి. ఫ్యానును పగలంతా కాకుండా, నీరు 27 డిగ్రీలు దాటినప్పుడే తిరిగేలా థర్మోస్టాట్‌కు కలిపితే నా తొట్టెలో రోజుకు లీటరు దాకా మిగిలింది. నీటి మట్టం దగ్గర అద్దం మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ ఆ గీతకు పోయండి. రెండు మూడు రోజుల లోటు ఒకేసారి పోయవద్దు. 45 లీటర్లలో 2 లీటర్లు పోతే లవణీయత, అంటే నీటిలో ఉప్పు వెయ్యికి ఎన్ని పాళ్ళో ఆ అంకె, 35 నుంచి 36.6కు పెరుగుతుంది. అది రోజూ కొద్దిగా పెరిగి తగ్గితే చేపలు సర్దుకుంటాయి కాని, పెద్ద ఊపుకు నత్తలు తట్టుకోలేవు.

పెన్న ఇసుక (ప్రొద్దుటూరు):

ఆలస్యంగా చూశాను, ఒక హెచ్చరిక చేయాలనిపించింది. పోసే నీరు ముఖ్యమన్న మాట కాదనను కాని, అదొక్కటే కారణమని తీర్మానించుకోకండి. మీ రాళ్ళు ఎక్కడివో మీరు రాయలేదు. ఎవరో తొట్టె ఎత్తేసి అమ్మిన పాత రాళ్ళయితే, అవి ఏళ్ళ తరబడి పీల్చుకున్న ఫాస్ఫేట్‌ను ఇప్పుడు వదులుతూ ఉండవచ్చు. ఎంత మంచి నీరు పోసినా ఆ రాతి మీద నాచు మొలుస్తుంది. పరీక్షించడం సులువే. సున్నా నీటితో కొత్తగా కలిపిన ఉప్పునీటిని బకెట్టులో పోసి, ఒక రాతిని నాచు తోమేసి అందులో ఉంచి, చిన్న పంపు పెట్టి, మూత వేసి చీకట్లో ఐదారు రోజులు ఉంచండి. మొదట్లోనూ చివర్లోనూ ఫాస్ఫేట్ చూడండి. అంకె పెరిగితే ఆ రాయే మూలం. అలాంటి రాళ్ళకు తీసేయడమో, నెలల తరబడి నీరు మారుస్తూ నానబెట్టడమో తప్ప దగ్గరిదారి లేదు.

రెండో మాట. ఫెరిక్ ఆక్సైడ్ గుళికలు ఫాస్ఫేట్‌ను బాగా పీలుస్తాయి. నేను నాచు మీది కోపంతో వాటిని రెట్టింపు వేసి, నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ రెండింటినీ సున్నాకు దించాను. జుట్టు నాచు పోయింది. నెల తిరగకుండానే దాని స్థానంలో గోధుమరంగు జిగట తీగలు, కొసకొక బుడగతో, మధ్యాహ్నానికి రాళ్ళంతా కప్పేసి, దీపం ఆర్పాక పలుచబడి, తెల్లవారాక మళ్ళీ వచ్చేవి. అవి డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు. నీటిలో ఏ పోషకమూ లేనప్పుడు మిగతా జీవాలన్నీ వెనక్కి తగ్గగా, ఇవి ఆ ఖాళీలో పాతుకుంటాయి. వాటిలో కొన్ని జాతులు విషాన్ని కూడా విడుస్తాయి. నా ఆరు నత్తలూ పది రోజుల్లో చనిపోయాయి. ఆ నత్తలను తీసి పారేసిన రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి సున్నా కావలసింది పోసే నీటిలోనే కాని తొట్టెలో కాదు. తొట్టెలో నైట్రేట్ 2 నుంచి 10 మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య నిలకడగా ఉంటే చాలు.

ఉప్పు ఖర్చు మిగులుతుందని నేను కొన్నాళ్ళు నెల్లూరు దగ్గర మైపాడు నుంచి డబ్బాల్లో సముద్రపు నీరు తెచ్చాను. ఆ ఆలోచన మీకు వస్తే మానుకోండి. ఒడ్డు నీటిలో పొలాల నుంచి, రొయ్యల చెరువుల నుంచి చేరే పోషకాలు కలిసి ఉంటాయి, వానల తరువాత నదుల నీరు కలిసి ఉప్పు కూడా తగ్గుతుంది. ఒడ్డున దొరికే పగడపు రాళ్ళు తెచ్చుకోవడం చట్టరీత్యా నేరం, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది.

బుగ్గవంక (కడప):

నెల రోజుల తరువాత రాస్తున్నాను. మర మూయించాక యంత్రం నీరు 96 నుంచి 34కు దిగింది. రెసిన్ గొట్టం బిగించాక సున్నా. ప్రతి శుక్రవారం నీరు మారుస్తూ ఒక్కొక్క రాతిని బ్రష్‌తో తోమాను, రెండు రాళ్ళకు పెరాక్సైడ్ వేశాను. ఆ రెండూ ఇప్పుడు బోసిగా, లేత గులాబీ మచ్చలతో ఉన్నాయి. ప్రొద్దుటూరు సభ్యుల అనుమానం కూడా కొంతవరకు నిజమైంది. నా నాలుగు రాళ్ళలో పెద్దది పాత తొట్టె నుంచి కొన్నది. దాన్ని బకెట్టులో ఉంచితే ఫాస్ఫేట్ ఆరు రోజుల్లో సున్నా నుంచి 0.2కు చేరింది. ఆ రాయి ఇప్పుడు మూత వేసిన డ్రమ్ములో నానుతోంది, వారానికొకసారి నీరు మారుస్తున్నాను.

తొట్టెలో నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06 ఉన్నాయి. అంకెలు ముందుకన్నా కొంచెం ఎక్కువే అయినా నాచు మాత్రం వెనక పక్క అద్దం మీద అరంగుళం తప్ప లేదు. దాన్ని నత్తల కోసం వదిలేశాను. నాలుగు ట్రోకస్ నత్తలు ఆదివారం వస్తున్నాయి. వాటిని తొట్టె నీటికి అలవాటు చేయడానికి చుక్కల పద్ధతిలో ఎంతసేపు పట్టాలో ఎవరైనా చెప్పగలరా?

హంద్రీ గట్టు (కర్నూలు):

నత్తలు వచ్చిన సంచిలోని నీటి లవణీయతను ముందు కొలవండి. మీ తొట్టెకూ దానికీ తేడా స్వల్పమైతే గంట చాలు, ఎక్కువైతే రెండు గంటలు తీసుకోండి. తొట్టె నీరు అందులో సెకనుకు రెండు చుక్కల చొప్పున పడేలా గొట్టానికి ముడి వేసి, నీరు రెండింతలయ్యాక సగం పారబోసి, మళ్ళీ రెండింతలు కానివ్వండి. ఆ సంచి నీరు తొట్టెలో పోయకుండా, నత్తలను మాత్రం చేత్తో తీసి, పాదం కిందికి వచ్చేలా రాతి మీద పెట్టండి. వెల్లకిలా పడిన నత్త తిరగబడలేక అలాగే ఉండిపోవచ్చు, మరుసటి ఉదయం ఒకసారి చూసుకోండి.